మాసిక యంత్రానికి మాసిక: పాత తోలు కుట్టుయంత్రాల విడిభాగాల చరిత్ర – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

యంత్రాల చరిత్రను ఆవిష్కర్తతో మొదలుపెట్టి కర్మాగారంతో ముగించడం పరిపాటి. ఎవరు కనిపెట్టారు, ఏ సంవత్సరం పేటెంటు పొందారు, ఎన్ని తయారయ్యాయి అన్న ప్రశ్నలకు సమాధానం దొరికితే ఆ యంత్రం కథ పూర్తయినట్లే భావించడం కనిపిస్తుంది. కాని ఒక యంత్రం కర్మాగారంలో ఉండేది కొద్ది కాలమే. పనివాడి చేతిలో అది గడిపేది దశాబ్దాలు. ఆ దశాబ్దాలలో అది అరుగుతుంది, విరుగుతుంది, మళ్ళీ బాగుపడుతుంది. పోయిన భాగం స్థానంలో మరొకటి దొరికినంత కాలమే అది యంత్రం. దొరకని నాడు అది పాత ఇనుము. కాబట్టి విడిభాగాల లభ్యతను యంత్ర చరిత్రకు అనుబంధంగా కాక, ఆ చరిత్రలోని ప్రధానాంశంగా పరిశీలించవలసి ఉంది.

ఇందుకు తోలు మాసికలు వేసే కుట్టుయంత్రం తగిన ఉదాహరణ. చిరిగిన గుడ్డకో తోలుకో వేసే అతుకును తెలుగులో మాసిక అంటారు. బూట్లు, చెప్పులు, సంచులు, గుర్రపు జీనులు మొదలైనవాటికి మాసిక వేయడానికే రూపొందిన ఈ యంత్రాన్ని వ్యవహారంలో ప్యాచింగ్ మిషను అంటారు. ఈ వ్యాసంలో దానిని మాసిక యంత్రం అని పేర్కొనడం జరిగింది. వీటిలో ప్రపంచమంతటా వ్యాపించినది సింగర్ కంపెనీ 29వ తరగతి యంత్రం, ముఖ్యంగా స్కాట్లండులో తయారైన 29కె శ్రేణి. దానిని తయారుచేసిన కర్మాగారం 1980లో మూతపడింది. యంత్రాలు మాత్రం నేటికీ చాలా చోట్ల పనిచేస్తున్నాయి. తల్లి కర్మాగారం లేని యంత్రం ఎలా బతుకుతోంది? దాని భాగాలు ఎక్కడి నుంచి వస్తున్నాయి? ఏ భాగం దొరుకుతుంది, ఏది దొరకదు, ఎందువల్ల? ఈ ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆరె, రంపె: ఊరిలోనే దొరికే పనిముట్టు

సి.పి.బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో మద్రాసులో వెలువడింది. తోలుపనికి సంబంధించిన ఆరె, రంపె, లంద వంటి మాటలు అందులో ఆరోపాలుగా ఉన్నాయి. ఆరె తోలును గుచ్చే సూదిమొన సాధనం. రంపె తోలు కోసే కత్తి. లంద తోలును ఊనవేసే తొట్టి. తంగేడు చెక్కతో తోలు ఊనవేయడం తెలుగు నేలపై చిరకాలంగా ఉన్న పద్ధతి. మద్రాసు రాజధానిలోని తోళ్ళ పరిశ్రమపై ఆల్ఫ్రెడ్ చాటర్టన్ 1904లో ప్రకటించిన ప్రత్యేక గ్రంథం నాటికి ఈ వృత్తి ప్రభుత్వ దృష్టికి కూడా వచ్చింది.

ఇక్కడ భాషాపరంగా ఒక అంశం గమనార్హం. తెలుగులో 'కుట్టు' అనే క్రియకు దారంతో కలపడం అన్న అర్థంతోపాటు గుచ్చడం అన్న అర్థం కూడా ఉంది. తేలు కుడుతుంది, చెవులు కుట్టిస్తారు. గుడ్డ విషయంలో ఈ రెండు అర్థాలు విడివిడిగా స్ఫురించవు. సూది దూరిన చోటే దారమూ దూరుతుంది. తోలుపనిలో ఇవి రెండు వేర్వేరు పనులు. ముందు ఆరెతో రంధ్రం చేయాలి, తర్వాత దారం పోనివ్వాలి. తోలు కుట్టేవాడి శ్రమలో ఎక్కువ భాగం మొదటి పనికే పోతుంది. తోలు కుట్టుయంత్రం సాధించిన మార్పు ఈ రెండు పనులను ఒకే సూదికి అప్పగించడం.

చేతి పనిముట్లకు విడిభాగాల సమస్య దాదాపు లేదు. ఆరె మొన విరిగితే ఊరి కమ్మరి కొత్త మొన కొట్టి ఇస్తాడు. పిడి పోతే వడ్రంగి చెక్కి ఇస్తాడు. పనిముట్టును తయారుచేసినవాడు, బాగుచేసేవాడు, వాడేవాడు ఒకే ఊరివారు. వారి మధ్య సంబంధం సమానమైనది కాదు. తోలుపని చేసేవారిని కులవ్యవస్థ ఊరి వెలుపల ఉంచింది. గుర్రం జాషువ 'గబ్బిలం' కావ్యంలో ఈ వృత్తికి చెందిన అరుంధతీసుతుని దైన్యాన్నే కావ్యవస్తువుగా స్వీకరించాడు. అయినా సాంకేతికంగా చూస్తే ఆ పనిముట్టుకు కావలసిన జ్ఞానమంతా నడిచివెళ్ళగలిగినంత దూరంలోనే ఉండేది. యంత్రం రాకతో మారినది ముఖ్యంగా ఈ దూరమే.

మాసిక యంత్రం నిర్మాణం

బ్రౌన్ నిఘంటువు వెలువడడానికి ఒక ఏడాది ముందు, 1851 ఆగస్టు 12న, ఐజాక్ మెరిట్ సింగర్ అమెరికాలో తన కుట్టుయంత్రానికి పేటెంటు పొందాడు. అంతకు ముందే 1846లో ఎలియాస్ హోవే రెండు దారాలతో పడే ముడికుట్టుకు పేటెంటు పొంది ఉన్నాడు. పై దారాన్ని సూది తోలులోకి దింపుతుంది. సూది తిరిగి పైకి లేచే క్షణంలో ఆ దారం చిన్న ఉచ్చుగా వదులవుతుంది. అడుగున ఉన్న షటిల్ ఆ ఉచ్చును పట్టి, బాబిన్‌లోని దారాన్ని దాని గుండా పోనిస్తుంది. షటిల్ అన్న పేరు మగ్గం నుంచి వచ్చినదే. చేనేత పరిభాషలో దానికి నాడె, బాబిన్‌కు కండె అన్న మాటలున్నాయి. ఈ వ్యాసంలో ఆ మాటలనే వాడడం జరిగింది.

సాధారణ కుట్టుయంత్రంలో గుడ్డను జరిపేవి బల్ల అడుగున ఉండే పళ్ళు. దర్జీలు ఫుట్ అని పిలిచే పై పాదం గుడ్డను అదిమి పట్టడానికే పరిమితం. ఈ ఏర్పాటు పనిచేయాలంటే గుడ్డ చదునుగా పరుచుకోవాలి, కుట్టు ఒకే దిశలో సాగాలి. బూటుకు ఈ రెండూ కుదరవు. బూటు ముందుభాగం లోపల మాసిక వేయాలంటే బల్ల ఆ సందులోకి పోదు. వంపు తిరిగిన మాసిక చుట్టూ కుట్టాలంటే బూటును తిప్పడానికి చోటుండదు.

సింగర్ 29వ తరగతి యంత్రం ఈ చిక్కును మూడు మార్పులతో పరిష్కరించింది. మొదటిది, బల్లకు బదులు సన్నని పొడవైన చేయి. దాని కొనకు బూటును తొడిగినట్లుగా ఎక్కించవచ్చు. రెండోది, అంత సన్నని చేతిలో పళ్ళు అమర్చడానికి చోటు లేదు కనుక తోలును జరిపే పనిని పై పాదానికే అప్పగించడం. పాదం తోలును అదిమి, తనతోపాటు ఒక కుట్టు దూరం జరిపి, లేచి వెనక్కి వచ్చి మళ్ళీ అదుముతుంది. మూడోది, ఆ పాదాన్ని పూర్తి వలయంగా తిప్పగలగడం. బూటును కదపకుండానే కుట్టు దిశను ఎటైనా మార్చవచ్చు.

ఈ పరిష్కారంలోనే తర్వాతి సమస్యలన్నింటికీ మూలం ఉంది. నాడె చేయి చిట్టచివర ఉంటుంది. దానిని కదిలించే శక్తి యంత్రం వెనుక భాగం నుంచి రావాలి. అందుకోసం చేయి పొడవునా ఒక పళ్ళకమ్మీ ముందుకూ వెనక్కూ జరుగుతూ, కొనలో ఉన్న చిన్న పళ్ళచక్రాన్ని ఇటూ అటూ తిప్పుతుంది. ప్రతి కుట్టుకూ ఆ కమ్మీ ఒకసారి పోయి రావాలి. చేయి సన్నగా ఉండాలి కాబట్టి పళ్ళూ చిన్నవే, కండె కూడా చిన్నదే. ఈ శ్రేణిలోని నమూనాలు చేయి పొడవులోనూ కండె పరిమాణంలోనూ వేర్వేరుగా ఉంటాయి. పెద్ద కండె పట్టే యంత్రంలో దారం తరచుగా మార్చనవసరం లేదు. కాని దాని చేయి కొన లావు కావడం వల్ల చిన్న సందులలోకి పోదు. ఒక నమూనా కండె, నాడె మరొక నమూనాకు సరిపోకపోవడానికి కారణం ఇదే.

అరుగుదల ఎక్కడ మొదలవుతుందో కూడా నిర్మాణమే నిర్ణయిస్తుంది. పళ్ళకమ్మీ, పళ్ళచక్రం అరిగితే వాటి మధ్య ఆట ఏర్పడుతుంది. నాడె రావలసిన క్షణం కంటే ఆలస్యంగా వస్తుంది, ఉచ్చు తప్పిపోతుంది, కుట్టు పడదు. పాదాన్ని నడిపే మోచేయి ఆకారపు మీట, దాని కీళ్ళు అరిగితే పాదం జరిగే దూరం తగ్గుతుంది. యంత్రం కుడుతూనే ఉంటుంది కాని కుట్టు పొట్టిదవుతుంది. తోలులో రంధ్రాలు దగ్గర దగ్గరగా పడితే ఆ గీత వెంట తోలు చిరుగుతుంది. పాదం అడుగు పళ్ళు అరిగితే తోలు జారుతుంది. మాసిక యంత్రం బాగోగులు ఈ కొద్ది భాగాల మీదనే ఆధారపడి ఉన్నాయి.

'ఒకేలాంటి భాగం' అనే వాగ్దానం

విడిభాగం అనే భావనలోనే ఒక ఊహ ఇమిడి ఉంది. ఒక యంత్రంలోని భాగం అదే నమూనాకు చెందిన మరే యంత్రంలోనైనా ఎలాంటి సవరింపు లేకుండా ఒదుగుతుందన్నది ఆ ఊహ. అమెరికా ప్రభుత్వ ఆయుధశాలలలో తుపాకుల తయారీ కోసం అభివృద్ధి చెందిన ఈ పద్ధతే సింగర్ కంపెనీ విజయానికి మూలమని చాలా కాలం భావించారు. డేవిడ్ హౌన్‌షెల్ 1984లో ప్రకటించిన పరిశోధన ఈ అభిప్రాయాన్ని సవరించింది. ఆయుధశాలల పద్ధతిని మొదట్లోనే స్వీకరించినది పోటీ కంపెనీ అయిన వీలర్ అండ్ విల్సన్. సింగర్ కంపెనీ తొలి దశాబ్దాలలో భాగాలను స్థూలంగా తయారుచేసి, నిపుణులైన పనివారి చేత ఆకురాయితో అరగదీయించి, ఒకదానికొకటి ఒదిగేలా చేయించేది. అలా ఒదిగించిన భాగాలు తారుమారు కాకుండా వాటిపై ఒకే సంఖ్య ముద్రించేవారు. అంటే ప్రతి భాగం తన యంత్రానికి మాత్రమే చెందినది. ఆ కంపెనీ ఆధిక్యానికి యంత్ర నిర్మాణం కంటే అమ్మకపు ఏర్పాట్లే, ముఖ్యంగా వాయిదాల పద్ధతీ ఏజెంట్ల వ్యవస్థా, ఎక్కువగా తోడ్పడ్డాయి.

ఉత్పత్తి లక్షలకు చేరుకున్న తర్వాతనే ఈ పద్ధతి సాగదని కంపెనీ గ్రహించింది. 1880 దశకానికి గాని ఒకే కొలతలతో భాగాలు తయారుచేసే దిశగా నిర్ణయాత్మకమైన మార్పు రాలేదు. పరిశోధకులకూ బాగుచేసేవారికీ ఇది ముఖ్యమైన విషయం. అత్యంత పాత యంత్రాలకు భాగాలు దొరకకపోవడానికి కాలం గడవడం ఒక్కటే కారణం కాదు. వాటికి అసలు 'విడిభాగం' అనేదే పూర్తి అర్థంలో ఉండేది కాదు.

తర్వాతి కాలపు యంత్రాలలో భాగం సంఖ్య అన్న వ్యవస్థ స్థిరపడింది. భాగం మీదనే దాని సంఖ్యను ముద్రించారు. బొమ్మలతో కూడిన భాగాల పట్టికలు అచ్చువేశారు. ఈ పట్టికలను ఒక విధమైన నిఘంటువుగా భావించవచ్చు. సంఖ్య అందులో ఆరోపం, బొమ్మ అర్థవివరణ. రెండు నమూనాల పట్టికలలో ఒకే సంఖ్య కనిపిస్తే ఆ భాగం రెండింటికీ చెల్లుతుంది. ఈ పట్టికను చదవగలిగినవాడికి దూరదేశపు అంగడి నుంచి సరైన భాగం తెప్పించుకోవడానికి భాష అడ్డు రాదు. కంపెనీ 1900 నుంచి యంత్రాల క్రమసంఖ్యలకు ముందు అక్షరాలు చేర్చింది. దానిని బట్టి యంత్రం ఏ కాలంలో తయారైందో తెలుసుకోవచ్చు. కంపెనీ పత్రాలు అమెరికాలోని విస్కాన్సిన్ చారిత్రక సంఘంలో భద్రంగా ఉన్నాయి.

కిల్బోవీ: ఎదుగుదల, మూసివేత

29కె అన్న పేరులోని 'కె' కిల్బోవీకి సంకేతం. స్కాట్లండులో గ్లాస్గో నగరానికి సమీపాన క్లైడ్‌బ్యాంక్‌లో ఉన్న ఈ కర్మాగార నిర్మాణం 1882లో మొదలై 1885లో ముగిసింది. 1913లో ఇక్కడి నుంచి దాదాపు 13 లక్షల యంత్రాలు ఎగుమతి అయ్యాయి. కర్మాగారానికి ప్రత్యేకంగా రైల్వే స్టేషను ఉండేది. ఆ స్టేషను నేటికీ సింగర్ అన్న పేరుతోనే ఉంది.

ఇక్కడి శ్రమ విధానం విడిభాగాల చరిత్రలో విస్మరించలేనిది. 1911 మార్చిలో చెక్కపెట్టెలకు మెరుగుపెట్టే 12 మంది స్త్రీలు తమపై పనిభారం పెంచడాన్ని నిరసిస్తూ పని ఆపారు. కొద్ది రోజుల్లోనే దాదాపు 11,000 మంది వారికి మద్దతుగా సమ్మెలో చేరారు. సమ్మె విఫలమైంది, అనేకులు ఉద్యోగాలు కోల్పోయారు. ఆ సమ్మె వెనుక ఉన్నది కూలి సమస్య మాత్రమే కాదు. పనిని చిన్న చిన్న ముక్కలుగా విభజించి ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్కను అప్పగించే విధానం కూడా. ఆకురాయితో భాగాలను ఒదిగించిన పాత పనివాడికి యంత్రమంతా తెలుసు. కొత్త విధానంలో ఒకరికి తెలిసినది ఒక్క రంధ్రమో ఒక్క పన్నో మాత్రమే. భాగాలు ఒకేలా ఉండడం వల్ల యంత్రాన్ని సమగ్రంగా తెలుసుకోవలసిన అవసరం కర్మాగారంలో తగ్గిపోయింది. ఆ సమగ్ర జ్ఞానం నిలిచినది కర్మాగారం వెలుపల, బాగుచేసేవారి దగ్గర.

రెండో ప్రపంచయుద్ధంలో ఈ కర్మాగారం ఆయుధ సామగ్రి తయారీకి మళ్ళింది. 1941 మార్చి 13, 14 తేదీల రాత్రులలో క్లైడ్‌బ్యాంక్‌పై జరిగిన బాంబుదాడిలో కర్మాగారపు కలప నిల్వలు కాలిపోయాయి. యుద్ధానంతరం ఉత్పత్తి కోలుకున్నా ఇతర దేశాల పోటీ పెరిగింది. ప్రసిద్ధమైన గడియారపు గోపురాన్ని 1963లో కూల్చివేశారు. 1980లో కర్మాగారమే మూతపడింది. ఆ కంపెనీ యంత్రాలూ పత్రాలూ కొన్ని నేడు వెస్ట్ డన్‌బార్టన్‌షైర్ స్థానిక పాలక మండలి సేకరణలో ఉన్నాయి.

కర్మాగారం మూతపడినంత మాత్రాన యంత్రాలు ఆగిపోలేదు. ఇనుముతో పోతపోసిన వాటి దేహానికి సులభంగా నాశనం లేదు. ఆగిపోయినది భాగాల నిరంతర ప్రవాహం మాత్రమే.

భారతదేశం: ఏజెంటు, గాంధీ, ఉషా

సింగర్ యంత్రాలు 1870 దశకం నుంచి భారతదేశంలో అమ్ముడయ్యాయి. పార్సీ ఏజెంటు ఎన్.ఎం.పటేల్ ఆధ్వర్యంలో ఇక్కడి వ్యాపారం విస్తరించిన తీరును చరిత్రకారుడు డేవిడ్ ఆర్నాల్డ్ వివరించాడు. సైకిలు, టైపురైటరు, బియ్యం మిల్లులతోపాటు కుట్టుయంత్రాన్ని కూడా ఆయన నిత్యజీవన యంత్రంగా పరిగణించాడు. అవి విదేశాలలో పుట్టినా వాటిని నడిపి, బాగుచేసి, స్థానికం చేసుకున్నది ఇక్కడివారేనన్నది ఆ పరిశీలనలోని ముఖ్యాంశం.

ఈ సందర్భంలో 1924 నవంబరులో 'యంగ్ ఇండియా'లో ప్రచురితమైన గాంధీ సంభాషణ ఒకటి ప్రత్యేకంగా గుర్తించదగినది. యంత్రాలను విమర్శించే గాంధీ అందులో సింగర్ కుట్టుయంత్రానికి మినహాయింపు ఇచ్చాడు. భార్య చేతికుట్టు శ్రమను చూడలేక సింగర్ దానిని రూపొందించాడని, మనిషి శ్రమను తగ్గించాలన్న ప్రేమ దాని వెనుక ఉందని ఆయన అభిప్రాయం. అప్పుడు ప్రశ్నించిన యువకుడు సూటిగా ఒక మాట అడిగాడు. ఆ కుట్టుయంత్రాలను తయారుచేయడానికి పెద్ద కర్మాగారం, అందులో శక్తితో నడిచే యంత్రాలు కావాలి కదా అన్నది అతని ప్రశ్న. గాంధీ దానిని అంగీకరించి, అటువంటి కర్మాగారాలు ప్రభుత్వ యాజమాన్యంలోనో అదుపులోనో ఉండాలని బదులిచ్చాడు.

ఆ చర్చ యంత్రం పుట్టుక దగ్గర ఆగింది. విడిభాగాల దృష్టితో చూస్తే అది ఇంకొంత దూరం సాగవలసిన చర్చ. కర్మాగారం అవసరం యంత్రం పుట్టినప్పుడు ఒక్కసారితో తీరదు. అది అరిగిన ప్రతిసారీ మళ్ళీ కలుగుతుంది. ఇంట్లో ఒంటరిగా కుట్టుకునే మనిషి కూడా ఒక సూదికోసం, ఒక పళ్ళచక్రం కోసం దూరపు కర్మాగారంతో ముడిపడే ఉంటాడు. దక్షిణాఫ్రికాలోని టాల్‌స్టాయ్ క్షేత్రంలో గాంధీ స్వయంగా నేర్చుకున్న చెప్పులు కుట్టే విద్యకు ఈ పరాధీనత లేదు. ఆరెకూ కుట్టుయంత్రానికీ ఉన్న అసలు భేదం వేగంలో కంటే ఈ ఆధారపడడంలోనే ఎక్కువగా ఉంది.

దుస్తుల కుట్టుయంత్రం విషయంలో భారతదేశం ఈ ముడిని చాలావరకు తెంచుకోగలిగింది. కలకత్తాలోని జే ఇంజినీరింగ్ వర్క్స్ 1930 దశకంలో ఉషా యంత్రాల తయారీకి పూనుకుంది. పంజాబులోని లూధియానా చిన్న కార్ఖానాలు కుట్టుయంత్రాలకూ వాటి భాగాలకూ ప్రసిద్ధమయ్యాయి. ఇళ్ళలో వాడే నల్లని కుట్టుయంత్రానికి కావలసిన కండె, నాడె, పాదం నేడు తెలుగు ప్రాంతాలలోని చిన్న పట్టణాలలో కూడా సులభంగా దొరుకుతాయి. ఒకే నమూనాకు చెందిన యంత్రాలు అసంఖ్యాకంగా వాడుకలో ఉండడమే ఇందుకు కారణం. తోలు మాసిక యంత్రాల సంఖ్య దానితో పోలిస్తే స్వల్పం. ఒక వీధిలో నలుగురు దర్జీలుంటే, బూట్లకూ సంచులకూ మాసిక వేసేవాడు ఊరికి ఒకడో ఇద్దరో. విపణి చిన్నదైన చోట భాగాలను కొత్తగా తయారుచేయడానికి పెట్టుబడి సులభంగా ముందుకు రాదు. అందువల్ల ఒకే కంపెనీకి చెందిన రెండు యంత్రాలలో సంపన్నుల ఇళ్ళలోకి కూడా ప్రవేశించినది సులభంగా బాగుపడుతుంది. పేదవాడి చెప్పును బాగుచేసేది తానే బాగుపడలేని స్థితిలో పడుతుంది.

1980 తర్వాత: భాగాల అన్వేషణ మార్గాలు

కర్మాగారం మూతపడిన తర్వాత మాసిక యంత్రానికి భాగాలు సమకూరే మార్గాలు ప్రధానంగా నాలుగు.

మొదటిది, పాత నిల్వలు. ఏజెంట్ల దగ్గర, పాత దుకాణాల అరలలో వాడకుండా మిగిలిన అసలు భాగాలు కొన్ని ఉంటాయి. నాణ్యతలో వీటికి సాటి లేదు. అయితే ఇవి తరుగుతాయే తప్ప పెరగవు.

రెండోది, మరొక పాత యంత్రాన్ని విప్పి దాని భాగాలు తీసుకోవడం. ఇది సులభమైన మార్గంగా కనిపించినా ఇందులో ఒక చిక్కు ఉంది. ఒకే నిర్మాణం గల యంత్రాలన్నీ ఒకే చోట అరుగుతాయి. పళ్ళకమ్మీ, పళ్ళచక్రం, మోచేయి మీట తనకు కావలసినవాడికి ఎదుటి యంత్రంలోనూ అవే అరిగిపోయి కనిపిస్తాయి. ఎన్నటికీ పాడుకాని దేహం, మూతలు, చక్రాలు మాత్రం పుష్కలంగా మిగులుతాయి. అందరికీ కావలసినది అందరి దగ్గరా పోయి ఉండడమే పాత యంత్రాల విడిభాగాల కొరతకు మౌలిక కారణం.

మూడోది, ఇతర సంస్థలు కొత్తగా తయారుచేసే అనుకరణ భాగాలు. సూది ఇందుకు ఉత్తమ ఉదాహరణ. ఈ తరగతి యంత్రాలకు తోలు కోసే మొన ఉన్నది 29×3, గుడ్డకు వాడే గుండ్రని మొన ఉన్నది 29×4 అన్న సంకేతాలతో సూదులు స్థిరపడ్డాయి. యంత్రాన్ని తయారుచేసిన కర్మాగారం పోయినా ఆ సంకేతాలు నిలిచాయి. సూదుల తయారీదారులు నేటికీ వాటిని అందిస్తున్నారు. ప్రమాణం ఒక కంపెనీ సొత్తుగా కాక అందరి ఉమ్మడి భాషగా మారినప్పుడు భాగం బతుకుతుందనడానికి ఇది నిదర్శనం. మరలు దీనికి విరుద్ధమైన ఉదాహరణ. సింగర్ కంపెనీ తన మరలకు తనదైన చుట్ల కొలతలు పెట్టుకుంది. అందువల్ల ఒక చిన్న మర పోతే ఇనుప సామాన్ల దుకాణంలో దొరికే మర దానికి ఎక్కదు. బలవంతంగా ఎక్కిస్తే దేహంలోని చుట్లు చెడిపోతాయి.

నాలుగోది, భాగాన్ని స్థానికంగా చేయించుకోవడం. లేతు యంత్రం ఉన్న పనివాడు నమూనాను చూసి కొత్త పళ్ళచక్రం కోయగలడు, అరిగిన కీలుకు లోహం నింపి మళ్ళీ అరగదీయగలడు. ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. నమూనాగా ఇచ్చిన భాగమే అరిగినదైతే దాని కొలతలే కొత్త భాగానికీ వస్తాయి. అలాగే పళ్ళకమ్మీ, పళ్ళచక్రం జతగా అరుగుతాయి. ఒకటి మాత్రమే మార్చితే కొత్త పళ్ళు పాత పళ్ళతో పొసగవు. కొత్తది కూడా త్వరగా చెడుతుంది. వీలైనంతవరకు రెంటినీ కలిపి మార్చవలసి ఉంటుంది.

ఈ నాలుగింటికీ తోడు, పాత యంత్రాన్ని బాగుచేయించడం మాని చౌకగా దొరికే కొత్తదాన్ని కొనడం ఇటీవలి ధోరణి. చైనాలో తయారై చేతితో తిప్పే మాసిక యంత్రాలు ప్రపంచమంతటా అమ్ముడవుతున్నాయి. వాటి పోత ముతకగా ఉంటుంది. కొన్నవాడు వాటిని విప్పి, గరుకు అంచులను ఆకురాయితో అరగదీసి, భాగాలను సరిచేసుకున్న తర్వాతనే అవి సాఫీగా నడుస్తాయి. సింగర్ తొలి కర్మాగారంలో నిపుణుడు చేసిన ఒదిగింపు పని ఈ విధంగా కొనుగోలుదారు చేతికి మారింది. ఒకేలాంటి భాగాల వాగ్దానం ఆకురాయిని పూర్తిగా ఎన్నడూ తొలగించలేదు. అది ఎవరి చేతిలో ఉండాలన్నదే కాలానుగుణంగా మారుతూ వచ్చింది.

భాగం, పదం, జ్ఞానం

పై నాలుగు మార్గాలలో దేనికైనా ముందుగా కావలసినది ఏ భాగం పోయిందో గుర్తించడం. కుట్టు తప్పుతున్నప్పుడు సూది మార్చాలా, నాడె మార్చాలా, పళ్ళచక్రం మార్చాలా అన్నది చెప్పగలిగినవాడు లేకపోతే అంగడి నిండా భాగాలున్నా ప్రయోజనం లేదు. ఈ జ్ఞానంలో చాలా భాగం పుస్తకాలలో లేదు. చక్రాన్ని చేతితో నెమ్మదిగా తిప్పుతూ సూది లేచే క్షణానికి నాడె కొక్కెం ఎక్కడ ఉందో చూడడం, కమ్మీని వేళ్ళతో కదిపి ఆట ఎంత ఉందో గ్రహించడం గురువు నుంచి శిష్యుడికి, తండ్రి నుంచి కొడుకుకు అందిన విద్యలు.

తెలుగులో వృత్తుల పదజాలాన్ని సేకరించే కృషికి భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన వ్యవసాయ పదకోశం, 1971లో వెలువడిన చేనేత పదకోశం బలమైన పునాది వేశాయి. ఆ కృషి ప్రధానంగా సంప్రదాయ వృత్తుల పనిముట్లను లక్ష్యంగా పెట్టుకుంది. ఆరె, రంపె వంటి మాటలు నిఘంటువులకెక్కినట్లే, యంత్రాన్ని బాగుచేసేవారి నోట రూపొందిన మాటలు కూడా సేకరణకు అర్హమైనవి. దిగుమతి అయిన యంత్రం భాగాలకు పనివారు పెట్టుకున్న పేర్లు, అరుగుదలను, ఆటను, బిగువును, యంత్రం చేసే చప్పుళ్ళను వర్ణించే మాటలు ఆ జ్ఞానానికి వాహికలు. భాగం సంఖ్యను పట్టిక భద్రపరుస్తుంది. ఆ భాగం ఎప్పుడు, ఎందుకు పోతుందన్న ఎరుకను భద్రపరిచేది పనివారి భాష మాత్రమే.

ఉపసంహారం

పై పరిశీలన వల్ల తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు. మాసిక యంత్రం అరిగే చోట్లను దాని నిర్మాణమే నిర్ణయించింది. విడిభాగాల కొరత ఆ చోట్లలోనే కేంద్రీకృతమైంది. పరస్పరం మార్చుకోగల భాగాల వ్యవస్థ ఆలస్యంగా వచ్చింది, వచ్చిన తర్వాత కూడా చేతి నైపుణ్యాన్ని పూర్తిగా తొలగించలేదు. సూది వలె ఉమ్మడి ప్రమాణంగా మారిన భాగం కర్మాగారం పోయినా నిలిచింది. మర వలె కంపెనీ సొంత కొలతకు కట్టుబడినది కొరవడింది. దుస్తుల యంత్రానికి దేశంలో ఏర్పడిన విడిభాగాల వ్యవస్థ తోలు మాసిక యంత్రానికి ఆ స్థాయిలో ఏర్పడకపోవడానికి సాంకేతిక కారణం లేదు. అది విపణి పరిమాణానికి, ఆ విపణి వెనుక ఉన్న సామాజిక అంతరానికి సంబంధించినది.

ఊరి కమ్మరి కొట్టి ఇచ్చిన ఆరె నుంచి కిల్బోవీ పళ్ళచక్రం వరకు సాగిన ప్రయాణంలో తోలు కుట్టేవాడికి వేగం లభించింది, స్వాధీనత తగ్గింది. కర్మాగారం మూతపడిన తర్వాత లేతు పనివాడు, పాత సామాన్ల వ్యాపారి, బాగుచేసే నిపుణుడు కలిసి ఆ స్వాధీనతను కొంతవరకు తిరిగి సంపాదించారు. వారి పని కంపెనీల చరిత్రలలో కనిపించదు. వాడుకలో ఉన్న ప్రతి పాత యంత్రంలోనూ అది కనిపిస్తుంది. ఆ యంత్రాలతోపాటు వాటిని బాగుచేసేవారి అనుభవాన్నీ పరిభాషనూ నమోదు చేయడం వృత్తి చరిత్రకారులకూ భాషాపరిశోధకులకూ ఉమ్మడి కర్తవ్యం. ఆ విద్య తెలిసినవారు ఇంకా పనిచేస్తున్న కాలంలోనే అది జరగవలసి ఉంది.